ఆరు వారాలు, తొమ్మిది వందల మైళ్లు, ఒక చిన్న పడవ

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పన్నెండేళ్లుగా మ్యూనిక్‌లో ఉద్యోగం. రెండేళ్లుగా ఇక్కడి స్టార్న్‌బెర్గ్ సరస్సులో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నాను. సముద్రంలో పడవ నడిపేందుకు జర్మనీ ఇచ్చే ఎస్‌బీఎఫ్ సీ లైసెన్సు కూడా చేతికొచ్చింది. వచ్చే ఆగస్టులో పదకొండేళ్ల మా బాబుకు బడి సెలవులు మొదలవగానే ఆరు వారాలు మధ్యధరా సముద్రంలో తిరగాలని ఉంది. 1980లలో కట్టిన తొమ్మిది మీటర్ల పడవ ఒకటి గ్రీసులోని కోర్ఫులో అమ్మకానికి ఉంది. కోర్ఫు నుంచి కొరింథు కాలువ మీదుగా ఏథెన్స్, అక్కడి నుంచి సాంటోరిని, కాస్ దీవులు, టర్కీలోని బోద్రుమ్ చూసుకుని మళ్లీ కోర్ఫు చేరాలి. మొత్తం సుమారు 950 నాటికల్ మైళ్లు. గంటకు ఐదు మైళ్ల చొప్పున 190 గంటలు. 42 రోజులకు పంచితే రోజుకు నాలుగున్నర గంటలే. ఈ ప్రణాళిక సరైనదేనా? పడవ కొనేయవచ్చా? నా భార్యకు నీళ్లంటే భయం, పడవెక్కితే వాంతులు. ఆడవాళ్లకు ఈ భయం సహజమే అనుకోండి. అయినా ఆమెను ఒప్పించే ఉపాయం ఏదైనా చెప్పండి. — ఒక పాఠకుడు, మ్యూనిక్

సమాధానం: మీ భాగహారంలో తప్పు లేదు. రెండుసార్లు చేసి చూశాను, నాలుగున్నరే వచ్చింది. కానీ ఆ లెక్కలో గాలి లేదు. ఇంజిన్ చెడిపోయిన రోజు లేదు, బాబుకు జ్వరం వచ్చిన రోజు లేదు, బట్టలు ఉతుక్కునే రోజు లేదు, ఊరు నచ్చి ఇంకో పూట ఉండాలనిపించిన రోజు అసలే లేదు. 42 రోజులూ పడవ కదులుతూనే ఉండాలని రాశారు. దాన్ని ప్రయాణం అనరు, డ్యూటీ అంటారు. నేను పాతికేళ్లు సరుకు ఓడల ఇంజిన్ గదుల్లో ఆ డ్యూటీ చేసినవాణ్ని కాబట్టి తేడా తెలుసు.

నా లెక్క ఇలా ఉంటుంది. పడవ చేతికి రావడానికి, సరుకులు నింపుకోవడానికి, చిన్నా పెద్దా మరమ్మతులకు ఒక వారం తీసేయండి. గాలి కదలనివ్వని రోజులకు ఇంకో వారం. ఊరికే ఉండటానికి మరో వారం. మిగిలిన మూడు వారాల్లో రోజుకు 15, 20 మైళ్లు వేసుకుంటే 300 నుంచి 400 మైళ్లు. మీరు కొత్తవారు, పక్కన పిల్లవాడు ఉన్నాడు కాబట్టి 250తో సరిపెట్టుకోమంటాను. అంటే మీ పటంలో దాదాపు మూడు వంతులు కొట్టేయాలి. ఏ మూడు వంతులో కూడా చెబుతాను.

ముందుగా గ్రీసుకూ టర్కీకీ మధ్యనున్న ఏజియన్ సముద్రం. వేసవిలో అక్కడ ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. దాని పుట్టుక వింటే మీకు నవ్వొస్తుంది. బాల్కన్ దేశాల మీద వాయుపీడనం ఎక్కువగా ఉంటుంది. తూర్పున, వేడెక్కిన టర్కీ నేల మీద అల్పపీడనం ఏర్పడుతుంది. ఆ అల్పపీడనం మన దేశం మీద రుతుపవనాల కాలంలో ఉండే అల్పపీడన ప్రాంతానికి పడమటి కొస. అంటే రాజమహేంద్రవరంలో నైరుతి వాన కురిపించే ఏర్పాటే, అంత దూరాన ఏజియన్‌లో చినుకు లేకుండా ఈదురుగాలి పుట్టిస్తుంది. మన దగ్గర గాలివాన అంటే ముందు మబ్బు కమ్ముతుంది, పశువులు ఇంటిదారి పడతాయి, నాలుగు సంకేతాలు ఉంటాయి. మెల్టెమికి అలాంటి మర్యాదలేమీ లేవు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంది. జూలై, ఆగస్టుల్లో, గాలి బలాన్ని సున్నా నుంచి పన్నెండు దాకా లెక్కించే బ్యూఫోర్ట్ కొలతలో ఐదు నుంచి ఏడు దాకా వీయడం మామూలు, అప్పుడప్పుడు ఎనిమిది. ఆరు అంటే గంటకు సుమారు 40 నుంచి 50 కిలోమీటర్లు. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుందని మీకు పాఠంలో చెప్పే ఉంటారు. ఆ గాలి ఒక్కోసారి వారం రోజులు ఆగదు.

బోద్రుమ్ దాకా వెళ్లడం కొంత నయం, గాలి పక్క నుంచో వెనుక నుంచో తోస్తుంది. తిరిగి రావడంలో ఉంది అసలు సంగతి. పడమరకూ ఉత్తరానికీ ఎదురుగాలిలో, పొట్టి నిటారు అలల్లో, తొమ్మిది మీటర్ల పడవలో, భయపడే మనిషినీ పదకొండేళ్ల పిల్లవాడినీ కూర్చోబెట్టుకుని రావాలి. ఎదురుగాలిలో తెరచాప పడవ నేరుగా పోలేదు, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ పోవాలి. పటం మీద 20 మైళ్లు నీళ్ల మీద 30 దాటుతాయి. ఇంకో మాట. దీవి చాటున దక్షిణపు ఒడ్డుకు చేరితే గాలి తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఎత్తయిన కొండల దీవుల్లో అక్కడే గాలి కొండ మీద నుంచి జారి మరింత విసురుగా కిందికి పడుతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో కాక, నా టోపీ పోగొట్టుకుని నేర్చుకున్నాను.

టోపీ ఒకటే పోలేదు. ఒక ఆగస్టులో మిత్రుడి పది మీటర్ల పడవ మీద పారోస్ దీవిలోని నౌసా రేవులో ఐదు రోజులు ఇరుక్కున్నాం. మాతో వచ్చిన ఒకాయనకు ఆరో రోజు ఏథెన్స్‌లో విమానం. నాలుగో రోజు పొద్దున గాలి కాస్త తగ్గినట్టు అనిపించింది. నిజానికి అది తగ్గలేదు, మాకు తగ్గాలని ఉంది. బయలుదేరాం. అఖాతం దాటగానే మొదటి అల పడవ ముక్కు మీద విరిగి మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. రెండు గంటల్లో నాలుగు మైళ్లు పోయాం. లోపల అరలోంచి గాజు సీసా ఎగిరిపడి పగిలింది, నేల మీద ఆలివ్ నూనె, ఆ నూనె మీద కాలు జారి నా మోచేయి. అప్పుడు మిత్రుడు ఒక్క మాట అన్నాడు: "విమానం టికెట్టు ఎంత?" అందరం టికెట్టు ధర గట్టిగా చెప్పుకున్నాం, పడవ వెనక్కి తిప్పాం. ఆయన మర్నాడు పెద్ద ఫెర్రీ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు మమ్మల్ని సముద్రంలోకి దింపింది గాలి కాదు, విమానం తేదీ. మీ 42 రోజుల పట్టిక చూసినప్పుడు నాకు ఆ ఆలివ్ నూనె వాసన వచ్చింది.

సాంటోరినిని ఎలాగూ వదిలేయండి. ఫొటోల్లో చూసే ఆ నీలి గోపురాల కింద ఉన్నది అగ్నిపర్వతం కూలిన గొయ్యి. లోతు 300 మీటర్లకు పైమాటే, మీ లంగరు గొలుసు 50 మీటర్లు. చిన్న పడవలు కట్టుకునే రేవు దక్షిణాన ఒకటుంది, ఇరుకు, లోతు తక్కువ, ఆగస్టులో చోటు దొరకడం అదృష్టం. సాంటోరినిని చూడాలంటే ఫెర్రీలో వెళ్లి చూడటమే సుఖం. ఇక బోద్రుమ్ అంటే షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, దాటి మరో దేశంలో అడుగు పెట్టడం. కాస్‌లో పాస్‌పోర్టు ముద్రలు, అవతల ఏజెంటు ద్వారా పడవకు కాగితాలు, మీకు వీసా, తిరిగొచ్చాక మళ్లీ ఇదంతా. రెండు పూటల కాఫీ కోసం అంత శ్రమ ఎందుకు?

అయితే ఎక్కడికి వెళ్లాలి? గ్రీసుకు పడమటి వైపున ఉన్న అయోనియన్ సముద్రానికి. మీ పడవ బయలుదేరేది అక్కడి నుంచే, మీరేమో దాన్ని దాటిపోయే దారిగా చూశారు. మెల్టెమి అక్కడి దాకా రాదు. వేసవిలో పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మైస్త్రో అనే గాలి మొదలై, మూడు నాలుగు అంకెల మధ్య, ఒక్కోరోజు ఐదు దాకా వీచి, చీకటి పడే వేళకు సద్దుమణుగుతుంది. సరస్సులో నేర్చుకున్న మనిషి సముద్రాన్ని పరిచయం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

కోర్ఫుకు బదులు లెఫ్కాడా దీవి నుంచి మొదలుపెట్టండి. నది కాలువలా సన్నటి దారి దీవికీ ఒడ్డుకూ మధ్య తవ్వి ఉంటుంది. ఉత్తరపు కొసన తేలే వంతెన గంటకోసారి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా మెగానిసి, తూర్పున కలామోస్, కాస్టోస్, దక్షిణంగా ఇథాకా, దాని పక్కన కెఫలోనియా. రేవుకూ రేవుకూ మధ్య ఎక్కువగా పది పదిహేను మైళ్లే. చుట్టూ దీవులే కాబట్టి పెద్ద అలలు లేవవు. ఇథాకా అంటే హోమర్ కావ్యంలోని ఒడిస్యూస్ ఊరు. ఇరవై ఏళ్లకు గానీ ఇల్లు చేరలేకపోయిన మనిషి, ఆయన కూడా గాలిని లెక్కలో వేసుకోలేదేమో. కలామోస్ చుట్టుపక్కల, ఎదుటి గ్రీసు తీరం వెంబడి చేపల పెంపకం వలలు చాలా ఉంటాయి. వాటి తేలుడు బుంగలకు రాత్రిళ్లు దీపాలు ఉంటాయని నమ్మకండి. ఈ ఏడాదికి చీకట్లో పడవ నడపడం వద్దు, అంతే.

రెండు మూడు వారాలు అలా తిరిగాక ఇంకా ఉత్సాహం మిగిలితే రెండు దారులున్నాయి. ఉత్తరాన పాక్సోస్ మీదుగా కోర్ఫు. లేదా తూర్పున పాత్రాస్ దాటి కొరింథు సింధుశాఖలోకి. నన్ను అడిగితే రెండోది. రియో దగ్గర 2004లో తెరిచిన పెద్ద వంతెన కింద నుంచి పోవాలి. ఐదు మైళ్ల దూరంలో ఉండగానే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 14వ ఛానెల్ మీద రియో ట్రాఫిక్‌ను పిలిచి, మీ తెరచాప కొయ్య ఎత్తు చెబితే, ఏ స్తంభాన్ని ఏ పక్కన ఉంచుకుని రావాలో వాళ్లు చెబుతారు. బాబు చేత మాట్లాడించండి, జన్మలో మరిచిపోడు. ఆ తర్వాత గలాక్సిడి అనే పాత ఓడల ఊరు వస్తుంది. పడవ అక్కడ కట్టేసి రోడ్డు మీద వెళ్లి డెల్ఫీలోని ప్రాచీన ఆలయ శిథిలాలు చూసి రావచ్చు. కొరింథు కాలువ 6.3 కిలోమీటర్లు, 1893లో తెరిచారు, రెండు వైపులా నిలువుగా కోసిన రాతి గోడలు. 2021లో చరియలు విరిగిపడి మూతపడింది. ఆ తర్వాత వేసవుల్లో తెరిచి మిగతా కాలమంతా మరమ్మతులు చేస్తూ వచ్చారు. దాని మీద ఆధారపడి తేదీలు వేసుకోకండి. మీరు దాన్ని దాటాల్సిన అవసరమూ లేదు.

సెప్టెంబరు మొదటి వారం దాటాక మాత్రం రోజూ రెండుసార్లు వాతావరణం చూడాలి. మధ్యధరాలోనూ తుపాన్లు వస్తాయి. మన తుపాన్ల కన్నా చిన్నవి, కానీ చిన్న పడవకు ఆ తేడా తెలియదు. 2020 సెప్టెంబరు మధ్యలో అయానోస్ అనే తుపాను సరిగ్గా ఈ కెఫలోనియా, ఇథాకా దీవుల మీదే విరుచుకుపడి ఎన్నో పడవలను ముంచేసింది. ఆగస్టు కూడా అమాయకం కాదు. 2022 ఆగస్టు 18న కోర్సికాలో గంటకు 220 కిలోమీటర్లు దాటిన ఈదురుగాలి వచ్చింది. 2024 ఆగస్టు 19న సిసిలీ దగ్గర లంగరు వేసి ఉన్న 56 మీటర్ల విలాస నౌక మునిగి ఏడుగురు చనిపోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అలాంటి రోజున పడవను గట్టుకు కట్టేసి ఊళ్లో గది తీసుకునే స్వేచ్ఛ, చేతిలో ఖాళీ రోజులున్నవాడికే ఉంటుంది.

గ్రీసు వాతావరణ శాఖ సముద్రపు సూచనలను బ్యూఫోర్ట్ అంకెల్లోనే ఇస్తుంది. దీవుల మధ్య ఇరుకుల్లోనూ, కొండ కొమ్ములు తిరిగే చోట్లా ఆ అంకెకు ఒకటి కలుపుకోండి. నాలుగు అన్నచోట ఐదు ఉంటుందనుకుని తెరచాప ముందే కుదించుకోండి. కుదించాలేమో అన్న అనుమానం వచ్చిందంటే, కుదించాల్సిన సమయం ఐదు నిమిషాల కిందటే దాటిపోయిందని అర్థం.

సరస్సు మీకు నేర్పనిది ఒకటుంది, పడవను గట్టుకు కట్టడం. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా చోట్ల జానెడు, మూరెడుకు మించవు. అందుకని ఊరి గట్టు పక్కనే పడవలన్నీ వెనుక భాగం గట్టుకు ఆనించి, ముక్కు సముద్రం వైపు పెట్టి, డబ్బాలో అగ్గిపుల్లల్లా నిలబడతాయి. మన గోదావరి పడవవాళ్ల మాటల్లో అమరం గట్టుకు, అణియం నీళ్లకు. ముందు గట్టుకు నాలుగు పడవల పొడుగు దూరాన లంగరు దించాలి. గొలుసు వదులుతూ వెనక్కి రావాలి. వెనక్కి నడిపేటప్పుడు పాత పడవ చుక్కాని మాట వినదు, కాస్త వేగం అందుకున్నాకే వింటుంది. మీకేమో వేగం పెంచాలంటే భయం. ఈలోగా పక్క నుంచి గాలి ముక్కును పక్కకు నెడుతుంది. గట్టు మీద హోటల్లో కూర్చున్న నలభై మంది ఫోర్కులు దించి మిమ్మల్నే చూస్తుంటారు. గాలి వచ్చే వైపు తాడు ముందు విసరాలి, అది కట్టాకే రెండోది. తర్వాత లంగరు గొలుసు బిగించి, పడవ గట్టును తాకకుండా అరమీటరు దూరంలో నిలిచేలా చూసుకోవాలి. దిగడానికి ఒక పలక.

మొదటి ఏడాది నేను నా లంగరును పక్క పడవ గొలుసు మీదుగా వేశాను. పొద్దున్నే వాళ్లు బయలుదేరబోతే వాళ్ల గొలుసుతో పాటు నా లంగరు, దానితో పాటు నేనూ కదిలాం. వాళ్లాయన ఫ్రెంచిలో ఏమన్నాడో తెలియదు కానీ పొగడలేదు. కాబట్టి ఎప్పుడూ గట్టు మీద మీ చోటుకు ఎదురుగా, నిటారుగా లంగరు దించండి. బయలుదేరే వేళకు చేతిలో తాడు ముక్క ఒకటి ఉంచుకోండి, అవతలి గొలుసు పైకొస్తే దాని కింద నుంచి తాడు పోనిచ్చి ఎత్తిపట్టి, మీ లంగరు విడిపించుకుని, తాడు వదిలేయడానికి.

ఇరుకు రేవులు వద్దనుకుంటే ఏదో ఒక చిన్న అఖాతంలో లంగరు వేసుకుని ఉండవచ్చు. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి అడుగు కనిపిస్తుంది. లేత రంగులో మెరిసేది ఇసుక, అక్కడే వేయండి. ముదురుగా కనిపించేది పోసిడోనియా గడ్డి. దానిలో లంగరు పట్టదు, పట్టితే గడ్డి చస్తుంది. నిదానంగా పెరిగే మొక్క అది, చాలా చోట్ల రక్షణలో ఉంది. స్పెయిన్ బలేరిక్ దీవుల్లో, ఫ్రాన్సు తీరంలో దాని మీద లంగరు వేస్తే జరిమానాలే. నీటి లోతుకు కనీసం నాలుగైదు రెట్ల గొలుసు వదలండి. ఆ తర్వాత ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో దూకి, లంగరు నిజంగా ఇసుకలో దిగిందో లేదో చూసి రావాలి. ఈ ఉద్యోగం బాబుకు ఇవ్వండి, జీతం ఐస్‌క్రీము.

ఇక మీ శ్రీమతి గారి సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ చివరి మూడు వాక్యాల్లో వచ్చారు, అదీ సరుకులాగా వచ్చారు. "ఆడవాళ్లకు ఈ భయం సహజమే" అన్నారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చారు. వారిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు. కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ శ్రీమతి గారి భయానికి కారణం ఆవిడ ఆడమనిషి కావడం కాదు, ఆ పడవలో ఆవిడ చేతిలో ఏమీ లేకపోవడం. నన్ను కూడా ఎవరైనా కారు వెనుక సీట్లో కూర్చోబెట్టి ఘాట్ రోడ్డులో తిప్పితే నేనూ ప్రార్థనలు చేస్తాను. నేను నడిపితే చేయను.

ఇంకో మాట, ఇది సున్నితంగా చెప్పలేను. పడవలో పెద్దవాళ్లు ఇద్దరే. నీళ్లలో పడేది మీరైతే? తెరచాపలు నిండుగా ఉంటాయి, పడవ గంటకు ఐదు మైళ్లు పోతుంటుంది, ఒక్క నిమిషంలో మీరు నూట యాభై మీటర్ల వెనుక ఒక తల. అప్పుడు పడవ ఆపడం, మిమ్మల్ని కంటితో విడవకుండా వెనక్కి రావడం, ఇంజిన్ వేయడం, రేడియోలో 16వ ఛానెల్ మీద సాయం అడగడం ఆవిడే చేయాలి. పక్కన పిల్లవాడు ఏడుస్తుంటాడు. ఇది చేయగలిగిన మనిషిని "ఒప్పించి" తీసుకెళ్లరు, నేర్పించి తీసుకెళతారు. ఆవిడకు ఇష్టమైతేనే. గ్రీసు తీర రక్షక దళం అత్యవసర నంబరు 108, మన అంబులెన్సు నంబరే. ఇంట్లో అందరికీ ఒక్కసారి చెబితే గుర్తుండిపోతుంది.

వాంతుల విషయానికి వస్తే, చుక్కాని పట్టుకున్నవాళ్లకు కడుపులో తిప్పడం తక్కువ. కళ్లు దూరంగా అంచు మీద ఉంటాయి, అల వచ్చే ముందే ఒళ్లు సిద్ధమవుతుంది. లోపలికి దిగి సామాన్లు సర్దేవాళ్లకే ఎక్కువ. మీ ఊహలో ఎవరు చుక్కాని దగ్గర, ఎవరు లోపల వంట దగ్గర ఉన్నారో ఒకసారి చూసుకోండి. మొదటి రెండు రోజులు నడిపేది ఆవిడ, ఉప్మా కలిపేది మీరు. ఆవిడ మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి, బయలుదేరడానికి ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. అల్లం మురబ్బా ఒక డబ్బా పట్టుకెళ్లండి, నాకు పనిచేసింది. వంటకు ప్రెషర్ కుక్కరుకు మించిన పాత్ర పడవలో లేదు. మూత బిగించి ఉంటుంది కాబట్టి పొయ్యి మీద నుంచి జారిపడినా పప్పు ఒంటి మీద పడదు. యూరప్ నావికులు ఇది ఏదో కొత్త రహస్యంలా చెప్పుకుంటారు, మనకు ఇంట్లో మూడు ఉంటాయి.

పడవ కొనాలా అన్న ప్రశ్నకు జవాబు, ఈ ఏడాది వద్దు. నలభై ఏళ్ల పడవలో తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు ఎప్పుడు మార్చారో, అడుగు దూలాన్ని పట్టి ఉంచే బోల్టులు ఎలా ఉన్నాయో, నీళ్లలోకి తెరుచుకునే ఇత్తడి వాల్వులు పుచ్చిపోయాయో లేదో, ఒడ్డుకు ఎక్కించి సొంత సర్వేయరు చేత చూపించకుండా డబ్బు ఇవ్వకూడదు. అమ్మేవాడు చూపించిన సర్వేయరు పనికిరాడు. దీనికి మించిన చిక్కు జెండాది. జర్మనీలో ఉంటున్నంత మాత్రాన జర్మన్ జెండా రాదు, దానికి యజమాని పౌరసత్వం చూస్తారు. మీది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, పడవ ఏ దేశంలో నమోదవుతుందో తేల్చుకున్నాకే బయానా. యూరప్‌లో నివసించేవారు కాబట్టి ఆ పడవకు వ్యాట్ కట్టినట్టు రుజువు కావాలి. గ్రీసులో బీమా తప్పనిసరి, ఏడు మీటర్లు దాటిన పడవకు నెలవారీ పన్ను కూడా ఉంది. మీరేమో ఆగస్టుకు ముందు ఇదంతా అయిపోతుందనుకుంటున్నారు.

అద్దెకు తీసుకోండి. మీ బవేరియాలో పెంతెకొస్తు అనే క్రైస్తవ పండుగకు రెండు వారాలు బడి సెలవులు ఉంటాయి కదా, మే, జూన్ నెలల్లో. అయోనియన్‌కు అది చక్కటి కాలం, రేవుల్లో చోటు ఉంటుంది, ఎండ చంపదు. లెఫ్కాడా నుంచి ఫ్లోటిల్లాలు బయలుదేరుతాయి. పది పన్నెండు చిన్న పడవలు, వాటితో పాటు అనుభవం ఉన్న నావికుడు, మెకానిక్కు ఉన్న ఒక పెద్ద పడవ. ఎవరి పడవ వారే నడుపుకుంటారు, సాయంత్రం గట్టుకు చేరేటప్పుడు ఆ నావికుడు గట్టు మీద నిలబడి తాడు అందుకుంటాడు. మీ ఇద్దరికీ ఒక వారం అది చాలు. ఆ వారం ముగిశాక మీ శ్రీమతి గారు "ఇక చాలు" అంటే ఆ మాటకు కట్టుబడండి, ఆగస్టులో కెఫలోనియాలో ఇల్లు తీసుకుని రోజువారీ అద్దెకు చిన్న మోటారు పడవ తీసుకుని మీరొక్కరే మధ్యాహ్నాలు తిరగండి. "ఇంకో వారం ఉంటే బాగుండేది" అంటే, ఆగస్టుకు నాలుగు వారాలు అద్దె పడవ, మిగతా రెండు వారాలు ఒడ్డున.

కాగితాలు పెద్దగా లేవు. జర్మనీ నివాస అనుమతి ఉంటే గ్రీసులో 180 రోజుల్లో 90 రోజులు ఉండవచ్చు, కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా దగ్గరుంచుకోండి. మీ ఎస్‌బీఎఫ్ సీ అక్కడ చెల్లుతుంది. కానీ రేడియో వాడే అర్హత దానితో రాదు. దానికి ఎస్‌ఆర్‌సీ అని వేరే పరీక్ష ఉంది, పెద్ద కష్టం కాదు. చలికాలంలో ఇద్దరూ కలిసి రాయండి.

గ్రీసులో తెరచాప పడవ అద్దెకివ్వాలంటే ఒక లైసెన్సుదారు చాలడు. పడవ నడపడం తెలిసిన రెండో మనిషి కూడా ఉండాలి, ఆ మనిషి తన అనుభవం గురించి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితం మీ పేరు మీద వచ్చే ఈమెయిల్‌లోనే వస్తుంది. మీరు నింపకండి. స్టార్న్‌బెర్గ్ సరస్సు ఏప్రిల్‌కు కాస్త వెచ్చబడుతుంది. నాలుగు ఆదివారాలు చుక్కాని ఆవిడ చేతికిచ్చి, మీరు తాళ్ల దగ్గర కూర్చుని నోరు మెదపకుండా ఉండండి. ఆ తర్వాత ఆ కాగితం ఆవిడ ముందు పెట్టండి. సంతకం చేయాలో వద్దో ఆవిడ చూసుకుంటారు.